మా కొట్టు ముందు పలక

మీరెప్పుడైనా శనివారం పొద్దున నిజామాబాద్ నుంచి బాసర అమ్మవారి దర్శనానికి బయల్దేరి, మధ్యలో మా నవీపేట దగ్గర బండ్ల మధ్య ఇరుక్కుపోయారా? ఇరుక్కుంటే తిట్టుకోకండి. అది మా సంత. మేకలు, గొర్రెలు, వాటిని దింపే వ్యాన్లు, వాటి వెనక పరుగెత్తే పిల్లలు, చాయ్ బండ్లు, మిర్చి బజ్జీల వాసన... శనివారం మా ఊరు ఊరిలా ఉండదు. చుట్టుపక్కల మండలాల నుంచే కాదు, మహారాష్ట్ర వైపు నుంచీ జనం దిగుతారు. బేరాలు తెలుగులో మొదలై, హిందీలో ముదిరి, మరాఠీలో తెగుతాయి.

ఆ సంతకు పోయే దారిలోనే మా కొట్టు. పేరూ బోర్డూ పెద్దగా ఏం లేవు. తాళ్ల కొట్టు అంటే ఎవరైనా చూపిస్తారు. పలుపులు, పగ్గాలు, ముకుతాళ్లు, కొబ్బరి తాళ్లు, నైలాన్ తాళ్లు, గోనె సంచులు, వాటిని కుట్టుకోవడానికి దబ్బనాలు, సుతిలి ఉండలు. మేకను కొన్నవాడికి తాడు కావాలి, పంట పండినవాడికి సంచి కావాలి. ఈ రెండు అవసరాల మధ్యే మా కుటుంబం రెండు తరాలుగా బతికింది.

మా కొట్టుకు ఇంకో గుర్తు కూడా ఉంది. గుమ్మానికి కుడివైపు మేకుకు వేలాడే ఒక పెద్ద పలక. బడి పిల్లల పలక కాదు, వడ్రంగితో చెక్క చట్రం కట్టించిన నల్లబల్ల ముక్క. దానికి ఒకవైపు నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు ధర, రెండో వైపు క్రికెట్ స్కోరు. మా వైపు వరి ఎక్కువే గానీ, సంచులకు వచ్చే రైతుల్లో పసుపు వేసిన వాళ్లూ ఉంటారు. ఆర్మూరు, బాల్కొండల దిక్కు చుట్టాలున్నవాళ్లయితే సరేసరి. ధర చూసి నిట్టూర్చి, పలక తిప్పి స్కోరు చూసి ఇంకోసారి నిట్టూర్చేవాళ్లు. రెండూ ఒకే రోజు బాగున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

* * *

ఈ పలకను మొదలుపెట్టింది మా బాపు.

నిజం చెప్పాలంటే ఆయనకు క్రికెట్ రాదు. నోబాల్‌కూ వైడ్‌కూ తేడా చివరిదాకా తెలియదు. కానీ నిజాం కాలంలో పుట్టినవాడు, నాలుగో తరగతి దాకా ఉర్దూలో చదివినవాడు కాబట్టి రేడియోలో హిందీ కామెంటరీ బాగా అర్థమయ్యేది. అది 1983 జూన్ 25. శనివారం. సంత రోజు. సాయంత్రానికి రేడియో చుట్టూ జనం మూగారు. కొట్టులోకి కొనేవాళ్లు రావడానికి దారి లేదు. బాపుకు చిరాకేసింది. సుద్దముక్క తీసుకుని, అప్పుల లెక్క రాసుకునే నల్లబల్ల తుడిచేసి, దాని మీద ఇండియా 183 అని రాసి బయట మేకుకు తగిలించాడు. "ఇగ చూస్కోండి. తొవ్వ విడువుండ్రి" అన్నాడు. జనాన్ని పంపించడానికి పెట్టిన పలక జనాన్ని ఇంకా ఎక్కువ పోగుచేసింది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. రిచర్డ్స్ ఇచ్చిన క్యాచ్‌ను కపిల్ దేవ్ వెనక్కి పరుగెత్తి పట్టాడని రేడియోలో చెప్పగానే, బేరం కుదరక అలిగి కూర్చున్న ఒక మేకల ఆసామి లేచి పక్కనున్న కొనేవాణ్ని వాటేసుకోవడం నాకింకా గుర్తుంది. రాత్రి పొద్దుపోయాక వెస్టిండీస్ 140కి ఆలౌటైంది. 43 పరుగులతో మనం ప్రపంచకప్ గెలిచాం. బాపు పలక మీద ఆ 43ను రాసి, కింద రెండు గీతలు కొట్టాడు, లెక్క సరిపోయినప్పుడు ఖాతా పుస్తకంలో కొట్టినట్టే.

మా అమ్మ అప్పట్లో బీడీలు చుట్టేది. మా జిల్లాలో ఆ పని తెలియని ఇల్లు తక్కువ. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, కత్తెర, దారం. చెవి మాత్రం రేడియో వైపు. కట్టకు 25 బీడీలు. ఎవరైనా సెంచరీ కొడితే, "నాలుగు కట్టలు చేసిండు" అనేది. ఆట మధ్యలో కరెంటు పోయినా మా రేడియో ఆగకుండా బ్యాటరీలు తెచ్చిపెట్టిన ఘనత కూడా ఆమె బీడీ డబ్బులదే.

నాకు స్కోరు పిచ్చి పట్టింది అక్కడే. పలక మీద రాసింది సాయంత్రానికి తుడిచేస్తారు కదా, అది నాకు ప్రాణం పోయినట్టుండేది. దాంతో 1987 నుంచి నోటుపుస్తకాల్లో ఎక్కించడం మొదలుపెట్టాను. ఇప్పటికి 31 పుస్తకాలయ్యాయి. పరుగులు నీలం సిరాతో, వికెట్లు ఎర్ర సిరాతో. 2001 మార్చి 14న ఈడెన్ గార్డెన్స్‌లో మన హైదరాబాద్ లక్ష్మణ్, ద్రవిడ్ కలిసి రోజంతా ఔట్ కాకుండా ఆడారే, ఆ పేజీలో ఎర్ర చుక్క ఒక్కటీ లేదు. ఫాలో ఆన్ ఆడి ఆస్ట్రేలియా మీద గెలిచిన మ్యాచ్ అది. లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180. ఆ పేజీని చుట్టాలకు పెళ్లి ఆల్బమ్ చూపించినట్టు చూపించేవాణ్ని. పెళ్లి ఆల్బమ్ ఎక్కడుందో మాత్రం నాకు తెలియదు. ఈ మాట మా ఆవిడ ఇప్పటికీ వందమందిలో అంటుంది.

* * *

నా దినచర్య పెద్దదేం కాదు. ఐదింటికి లేస్తాను. పాలు తెస్తాను. పేపర్ వస్తుంది. దాన్ని చివరి పేజీ నుంచి మొదటి పేజీకి చదువుతాను. ప్రభుత్వాలు మారిన సంగతి నాకు ఎప్పుడూ ఆఖర్నే తెలుస్తుంది. ఏడింటికి కొట్టు తెరుస్తాను. తాళ్లు కొలిచి కోయడం నా వంతు, డబ్బులు తీసుకోవడం మా ఆవిడ వంతు. నేను డబ్బులు తీసుకుంటే చిల్లర బదులు స్కోరు చెప్పి పంపిస్తానని ఆమె భయం. రాత్రి తొమ్మిదింటికి షట్టర్ దింపి, అన్నం తిని, పుస్తకం ముందేసుకుంటాను.

సెల్‌ఫోన్లు వచ్చాక పలక ఎవరు చూస్తారనుకున్నాను. మా అబ్బాయి హైదరాబాద్‌లో చదువుకుంటున్నాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా "అందరి జేబుల్ల స్కోరు ఉండంగ నీ పలకెందుకు డాడీ?" అని ఆటపట్టిస్తాడు. కానీ చిత్రం ఏమిటంటే, జేబులో ఫోన్ పెట్టుకున్న మనిషే కొట్టు ముందు ఆగి "ఎంతైందే?" అంటాడు. అంకె కోసం కాదది, ముచ్చట కోసం. మా బాపు ఎప్పుడూ అనేవాడు, "సంతకు వచ్చినోనికి మేక ఒక్కటే కాదురా, నాలుగు మాటలు గూడ కావాలె" అని.

మా ఊళ్లో ఒక నమ్మకం కూడా ఉంది. సంత రోజు ఫైనలైతే ఇండియా గెలుస్తుంది. నవ్వకండి, ఆధారాలున్నాయి. 1983 ఫైనల్ శనివారం. 2011 ఏప్రిల్ 2న ముంబైలో ధోనీ సిక్స్ కొట్టింది శనివారం. 2024 జూన్ 29న బార్బడోస్‌లో దక్షిణాఫ్రికాను 7 పరుగులతో ఓడించిందీ శనివారమే. మరి ఓడినవి? 2003 మార్చి 23 ఆదివారం. 2023 నవంబర్ 19 ఆదివారం. 2007లో టీ20 కప్ సోమవారం గెలిచారు కదా అని ఎవరైనా అడ్డం వస్తే, "సోమవారం వేరు" అంటాం. చాంపియన్స్ ట్రోఫీ సంగతి ఎత్తితే మాట మార్చేస్తాం. నమ్మకం అన్నాక కొన్నింటిని చూడకుండా ఉండాలి.

చూడకుండా ఉండటం అన్న మాట వచ్చింది కాబట్టి, అసలు సంగతి ఇక చెప్పాలి.

* * *

ఆ బార్బడోస్ ఫైనల్ మర్నాడు. ఆదివారం. నేను హాయిగా కూర్చుని పుస్తకంలో ఎక్కిస్తున్నాను. కోహ్లీ 59 బంతుల్లో 76. పక్కన మా అమ్మాయి వచ్చి కూర్చుంది. అప్పుడే తొమ్మిదో తరగతిలోకి వచ్చింది. బళ్లో కబడ్డీ ఆడుతుంది. ఆడుతుందని నాకు తెలుసు. మోకాళ్లకు చెక్కుకుపోయినప్పుడు మందు తెచ్చింది నేనే కదా.

"డాడీ, నీ పుస్తకంల అందరి స్కోరు ఉంటదా?"

"ఇండియా ఆడిన ఆటలు చాలావరకు ఉంటయి బిడ్డా."

"నిఖత్ అక్కది?"

"ఉన్నది" అన్నాను గర్వంగా. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ థాయ్‌లాండ్ బాక్సర్‌ను 5-0తో ఓడించి ప్రపంచ చాంపియన్ అయిన రాత్రి, మా పలక మీద మొదటిసారి క్రికెట్ కాని స్కోరు ఎక్కింది. మర్నాటికి పుస్తకంలోకీ ఎక్కింది. పేజీ తీసి చూపించాను. మా అమ్మాయి దాన్ని చాలాసేపు చూసింది.

"మరి నాది ఏ పేజీల ఉన్నది?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"మొన్న ఏడాది మండలం ఆటల్ల రెండు మ్యాచులు ఆడిన. ఎన్ని పట్టిన్నో నీకు తెల్వదు. కోహ్లీ ఎన్ని బంతులాడిండో తెలుసు."

కోపంగా అనలేదు. కోపంగా అంటే నేనూ కోప్పడి తప్పించుకునేవాణ్ని. ధర అడిగినంత మామూలుగా అడిగి, లేచి చదువుకోవడానికి వెళ్లిపోయింది.

"శనివారం పెడితే నేనేం చేయాలె? సంత వదిలేసి వస్తనా?" అన్నాను మా ఆవిడతో. ఆమె కూరగాయలు తరుగుతూ తలెత్తకుండా, "ఒకటి శనివారం. ఇంకోటి బుధవారం" అంది. బుధవారం ఆమె వెళ్లింది. నేను కొట్లో కూర్చుని ఏదో టెస్ట్ మ్యాచ్ విన్నాను.

ఆ రాత్రి పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ముప్పై ఏడేళ్ల ఆటల ప్రేమ. దాని కోసం నేను పెట్టిన ఖర్చు ఏమిటని లెక్కేస్తే, సుద్దముక్కలు, పెన్నులు, నోటుపుస్తకాలు. ఒక్క రోజు గిరాకీ పోగొట్టుకున్నది లేదు. ఒక్క మైదానంలో ఎండకు నిలబడ్డది లేదు. స్కోరు నా దగ్గరికి రావాలే గానీ, నేను దాని దగ్గరికి పోయింది లేదు.

* * *

కొన్ని రోజులకు అటక మీది సామాను దింపాల్సి వచ్చింది. ఎలుకలు పడ్డాయి. బాపు 2019లో పోయాక ఆయన ట్రంకు పెట్టె ఎవరం తెరవలేదు. తెరిస్తే ఎర్రబట్ట అట్టల లెక్కల పుస్తకాలు, వరసగా. ఏ రోజు ఎన్ని మూరల తాడు పోయింది, ఎన్ని సంచులు పోయాయి, ఎవరు బాకీ. నేను 1983 పుస్తకం కోసం వెతుకుతున్నాను. జూన్ 25న గిరాకీ ఎంతో చూసి పాఠం చెప్పాలని కాదు, ఊరికే సరదా.

వెతుకుతుంటే 1988 పుస్తకం చేతికొచ్చింది. పేజీలు తిప్పుతున్నాను. శనివారాలు కనిపెట్టడం తేలిక. ఆ రోజు లెక్క పేజీ నిండా ఉంటుంది. డిసెంబర్ 10 దగ్గర ఆగిపోయాను. శనివారమే. కానీ పేజీ ఖాళీ. పైన మాత్రం ఒక్క ముక్క.

"కొట్టు బంద్. చిన్నోని ఆట."

చిన్నోడు నేనే.

నాకు కాసేపు అర్థం కాలేదు. తర్వాత మెల్లగా గుర్తొచ్చింది. వాలీబాల్. మా బడి తరఫున పక్క మండలం బడి మీద ఆడాం. రెండు సెట్లు ఓడిపోయాం. చివర్లో నా సర్వీసు నెట్‌కు తగిలింది. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాను. ఇవన్నీ గుర్తున్నాయి. అక్కడ బాపు ఉన్నట్టు మాత్రం గుర్తులేదు. ఎంత ఆలోచించినా లేదు.

అమ్మను అడిగాను. ఆమెకు ఇప్పుడు ఎనభై దాటాయి. నిన్న తిన్న కూర మర్చిపోతుంది గానీ, పాత సంగతులు అడిగితే గడియారం చూసి చెప్పినట్టు చెబుతుంది.

"వచ్చిండు గదరా. రోడ్డు అవతల యాపచెట్టు కాడ నిలవడి చూసిండు. దగ్గరికి పోవయ్య అంటె, వాడు నన్ను చూస్తె తడవడ్తడు, వద్దన్నడు."

"మరి ఎప్పుడూ చెప్పలేదేంది?"

"ఓడిపోతివి గద. ఏం చెప్తడు?" అంది అమ్మ.

ఆ రోజుల్లో సంత గిరాకీ అంటే మాకు వారం తిండి. ఆ ఒక్క శనివారం పోతే మిగిలిన ఆరు రోజులూ ఎట్లా నెట్టుకొచ్చారో పుస్తకంలో లేదు. ఆ వారం అమ్మ ఎన్ని కట్టల బీడీలు ఎక్కువ చుట్టిందో కూడా ఎక్కడా రాసి లేదు. క్రికెట్ తెలియని మనిషి, స్కోరు పలక జనాన్ని పంపేయడానికి పెట్టిన మనిషి, మూతపడ్డ కొట్టు తాళంచెవి జేబులో వేసుకుని వేపచెట్టు కింద నిలబడి నా ఆట చూశాడు. ఆయన కొడుకును, 31 పుస్తకాలు రాసినవాణ్ని, బుధవారం కూడా కదల్లేదు.

* * *

2024 నవంబర్ 16. శనివారం. నిజామాబాద్‌లో జిల్లా స్థాయి బడిపిల్లల ఆటలు. వరికోతలు అయి వడ్లు ఇళ్లకు చేరే కాలం, సంచులకు, సుతిలికి మంచి గిరాకీ. పొద్దున ఆరింటికే షట్టర్ దింపి తాళం వేశాను. చేతిలో సుద్దముక్క ఉంది. ఏం రాయాలో వెతుక్కోనక్కర్లేకపోయింది. పలక మీద పెద్ద అక్షరాలతో రాశాను: "కొట్టు బంద్. బిడ్డ ఆట."

ఎదురుగా చాయ్ బండివాడు చూసి, "సంత దినం బంద్ పెడ్తవా? పైసలు ఎక్కువైనయా?" అన్నాడు. మా ఆవిడ నా వైపు చూసి ఏమీ అనకుండా టిఫిన్ డబ్బా నా చేతిలో పెట్టి బస్సెక్కింది.

కబడ్డీ స్కోరు రాయడం ఇంత కష్టమని నాకు తెలియదు. క్రికెట్‌లో బంతికీ బంతికీ మధ్య పెన్ను మూత తీసి పెట్టేంత టైముంటుంది. ఇక్కడ కూతకు 30 సెకన్లు. రైడర్ పోయింది, ముట్టింది, వచ్చింది. నేను ఒక గీత గీసేలోపు అవతలి కూత మొదలు. నాలుగైదు నిమిషాల్లోనే లెక్క తప్పింది. పక్కన కూర్చున్న ఒక ఆరో తరగతి పిల్లవాడు జాలిపడి, "అంకుల్, బోనస్ పాయింట్ రాయలే మీరు. అటు ఆరుగురు ఉన్నరు గద, గీత దాటితె పాయింటే" అని నేర్పించాడు. ముప్పై ఏడేళ్ల అనుభవం ఒక ఆరో తరగతి పిల్లవాడి ముందు చేతులు కట్టుకుంది.

మా అమ్మాయి ఎడమ కార్నర్‌లో ఆడుతుంది. ఆ స్థానం సంగతి నాకు అక్కడే అర్థమైంది. కూతకు వెళ్లేవాళ్ల మీదే అందరి కళ్లు ఉంటాయి. చప్పట్లూ వాళ్లకే. కార్నర్‌లో ఉన్నవాళ్లు వంగి, చూపు రైడర్ కాళ్ల మీద పెట్టి, ఎదురుచూడాలి. తొందరపడి దూకితే ఔట్. ఆలస్యమైతే రైడర్ పోతుంది. సగం ఆటలో నా బిడ్డ ఏమీ చేయనట్టే కనబడింది. చేయకుండా ఉండటమే చాలావరకు ఆమె ఆట.

రెండో సగంలో మా వాళ్లు ముగ్గురే మిగిలారు. అవతలి జట్టులో పొడుగాటి అమ్మాయి కూతకు వచ్చింది. అప్పటికే నలుగురిని ముట్టి పోయిన పిల్ల. ఇటు వచ్చింది, అటు పోయింది, మా అమ్మాయి వైపు కాలు చాపింది. అంతే. మోకాళ్ల మీద పడి మడమ పట్టుకుంది. ఆ పిల్ల లాగింది. నా బిడ్డ ఆ కాలుతోపాటే గీత దాకా ఈడ్చుకుపోయింది, చెయ్యి మాత్రం వదల్లేదు. మిగతా ఇద్దరూ వచ్చి మీద పడ్డారు. విజిల్. ముగ్గురే ఉండగా పడితే సూపర్ ట్యాకిల్, రెండు పాయింట్లట. ఆ సంగతి ఆ పిల్లవాడే చెప్పాడు. నేను రాయలేదు. పెన్ను ఎక్కడో పడిపోయింది.

ఒక్క సంగతి చెప్పాలి. నేను వేపచెట్టు వెతుక్కోలేదు. నిజానికి వెతికాను. మా బాపులాగే దూరంగా నిలబడదామనే అనుకున్నాను. మా ఆవిడ చెయ్యి పట్టి లాగి ముందు వరసలో కూర్చోబెట్టింది. "ఆమెకు కనబడాలె" అంది. కనబడ్డాను. మా అమ్మాయి తడబడలేదు. ఒక్కసారి చూసి, మళ్లీ కాళ్ల వైపు చూపు దింపుకుంది.

ఓడిపోయాం. 28-31. మా అమ్మాయి పట్టినవి ఐదు.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని మాట్లాడలేదు. నాకు 1988 గుర్తొచ్చింది. ఓడినవాళ్లతో ఏం మాట్లాడాలో బాపుకూ తెలియలేదు, నాకూ తెలియలేదు. చివరికి నోటుపుస్తకం ఆమె ఒళ్లో పెట్టాను. గీతలు కొట్టేసి, తిరగరాసి, నానా గలీజుగా ఉంది ఆ పేజీ. జానకంపేట దాటేదాకా చూసింది. తర్వాత పెన్ను అడిగింది.

"రెండో సగంల ఒకటి తప్పు రాసినవ్ డాడీ. అది నేను పట్టలే. కవర్ల ఉన్న పిల్ల పట్టింది" అని నా ఐదును కొట్టేసి నాలుగు చేసింది.

* * *

ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది. సంత ఎత్తేశారు. రోడ్డంతా గడ్డిపరకలు, మేక పెంట, చాయ్ కప్పులు. ఆ శనివారం గిరాకీ ఎంత పోయిందో మా ఆవిడ దారిలోనే లెక్కేసింది, నాకు మాత్రం చెప్పలేదు.

షట్టర్ తాళం తీయబోతూ పలక వైపు చూశాను. నేను రాసిన "కొట్టు బంద్. బిడ్డ ఆట" అలాగే ఉంది. దాని కింద ఎవరో వేరే చేతిరాతతో, వంకరటింకర అక్షరాలతో రాసి పోయారు.

"ఎంతైంది?"

తాడు కోసం వచ్చి, తాళం చూసి వెనక్కి పోయిన మనిషే అయి ఉంటాడు. సుద్దముక్క చాయ్ బండివాడి దగ్గర అడిగి తీసుకున్నాడట. ఎవరో అతనికీ తెలియదు.

మా అమ్మాయి చాలాసేపు ఆ రెండు వరసలూ చూసింది. తర్వాత నా చేతిలోంచి సుద్దముక్క తీసుకుని, కింద తనే రాసింది. 28-31. ఆ పలక మీద మేం ఓడిన స్కోర్లు ఎన్నో రాశాం. 2003 రాశాం, 2023 రాశాం. ఈ ఓటమిని మాత్రం వారం దాకా ఎవరం తుడవలేదు. అడిగిన ప్రతివాడికీ మా ఆవిడే చిల్లర ఇస్తూ చెప్పేది, "ముగ్గురే ఉన్నప్పుడు పట్టింది, రెండు పాయింట్లు" అని. ఐదో నాలుగో మాత్రం ఆమె దగ్గర ఎప్పుడూ ఐదే.

2025 జనవరిలో, సంక్రాంతి రోజు, నిజామాబాద్‌లో పసుపు బోర్డు మొదలైంది. 2019 ఎన్నికల్లో ఆ బోర్డు కోసం, పంటకు ధర కోసం 178 మంది రైతులు నామినేషన్లు వేసి, 185 మంది అభ్యర్థులతో దేశాన్ని మా జిల్లా వైపు తిప్పిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వార్త పలకకు ఒకవైపు ఎక్కింది. అదే సంవత్సరం నవంబర్ 2న మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి ప్రపంచకప్ గెలిచారు. ఆ జట్టులో మన కడప జిల్లా శ్రీచరణి కూడా ఉంది. ఆ స్కోరు రెండో వైపు ఎక్కింది. రాసింది మా అమ్మాయి. రాశాక క్యాలెండర్ చూసి, నా వైపు తిరిగి, "డాడీ, ఇయ్యాల ఆదివారం" అంది.

మా ఊరి నమ్మకం అలా పోయింది. ఎవరం పెద్దగా బాధపడలేదు.

32వ నోటుపుస్తకం కొన్నాను. ఇందులో మూడు రంగుల సిరా. నీలం, ఎరుపు, కబడ్డీకి ఆకుపచ్చ. ఆకుపచ్చ పేజీలన్నీ నా చేతిరాత కాదు, తప్పులు దిద్దేవాళ్లు ఇంట్లోనే ఉన్నారు. ఏడాదికి రెండు మూడు శనివారాలు మా కొట్టు తెరవం. మీరు ఆ దారిన వచ్చి, తాడు అవసరమై, మూతపడ్డ షట్టర్ చూస్తే కోప్పడకండి. పలక పక్కనే సుద్దముక్క పెట్టి పోతున్నాం.